బండి తలుపు పట్టుకుంటే జివ్వుమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఊళ్లు తిరగాలన్న కోరికతో ఒక పాత ట్రావెలర్ వ్యాను కొని, విజయవాడ ఆటోనగర్‌లో కారవాన్‌గా మార్పించాను. చిన్న ఏసీ, ఫ్రిజ్, గీజర్, ఇండక్షన్ పొయ్యి ఉన్నాయి. పోయిన నెల సూర్యలంక వెళ్లి, తెలిసినవాళ్ల ఇంటి ముందు ఆపి, వాళ్ల సాకెట్ నుంచి జంక్షన్ బాక్సుతో కరెంటు తీసుకున్నాం. మా ఆవిడ చెప్పుల్లేకుండా తడి ఇసుకలో నిలబడి బండి తలుపు పట్టుకుంటే చేయి జివ్వుమంది. లోపల మాత్రం ఎక్కడ ముట్టుకున్నా ఏమీ లేదు. వైరింగ్ చేసినతన్ని అడిగితే "కొంచెం లీకేజీ మామూలే, చెప్పులేసుకోండి" అన్నాడు. సెలవుల్లో మనవళ్లని తీసుకెళ్లాలని ఉంది. అసలు ఈ బండిలోకి కరెంటు ఎలా వస్తుంది? యూట్యూబ్‌లో అమెరికావాళ్లు 30 ఆంప్స్, 50 ఆంప్స్ ప్లగ్గులంటున్నారు, మనమూ అలాంటివి పెట్టించుకోవాలా? రాత్రంతా బ్యాటరీ మీద ఏసీ నడుస్తుందా?

జవాబు: మాస్టారూ, మిగతా ప్రశ్నలకు తర్వాత వస్తాను. ముందు ఒక పని చేయండి. వైరింగ్ సరిచేయించే దాకా ఆ బండిని ఏ సాకెట్‌కీ తగిలించకండి. బండి నడుపుకోండి, 12 వోల్టుల లైట్లు, ఫ్యాన్లు వాడుకోండి. బయటి కరెంటు మాత్రం వద్దు. మీకు పని చేసినతను చెప్పింది తప్పు. అమ్మగారి చేయి ఆ రోజు పొడిగా ఉండబట్టి జివ్వుమనడంతో పోయింది. సముద్రంలో మునిగి ఒళ్లంతా ఉప్పునీళ్లతో పరుగెత్తుకొచ్చిన పిల్లవాడు అదే తలుపు పట్టుకుంటే ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది. ఆటోనగర్ షెడ్లలో బస్సులకీ వ్యాన్లకీ వైరింగ్ చేస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఇలాంటి "మామూలే" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

లోపల షాక్ లేదు, కిందికి దిగితేనే కొట్టింది అన్నారు చూడండి, జబ్బు పేరు అందులోనే ఉంది. కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదు. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి, కరెంటుకు దాని ఒంట్లోంచి పోవలసిన పని ఉండదు. బండి బాడీకి కరెంటు ఎక్కినప్పుడు లోపల కూర్చున్న మీరూ ఆ కాకిలాంటివారే. బండి నేల, గోడ, కుళాయి, మీ ఒళ్లు అన్నీ ఒకే వోల్టేజీలో ఉంటాయి. ఒక కాలు తడి ఇసుకలో పెట్టి, చేయి రేకు మీద వేసిన క్షణంలో ఆ కరెంటుకు భూమిలోకి దారి దొరుకుతుంది. ఆ దారి మనిషి.

ఇంట్లో త్రీపిన్ సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూడండి. కింద కుడివైపు రంధ్రం ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. కరెంటు ఫేజులో వచ్చి, పనిచేసి, న్యూట్రల్‌లో వెనక్కి పోతుంది. పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం అది ఖాళీగా పడి ఉంటుంది, అందుకే మన దగ్గర చాలామంది దాన్ని లెక్కచేయరు. ఎక్కడైనా ఫేజు వైరు ఊడి రేకుకు తగిలిందనుకోండి, ఆ కరెంటు మనిషి చేయి కోసం ఆగకుండా ఎర్త్ వైరులోంచి పోవాలి, పోయేటప్పుడు ఎంసీబీని, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్‌ని పడగొట్టాలి. ఇల్లయితే నేల మీద ఉంటుంది, గోడల్లో కాస్తో కూస్తో చెమ్మ ఉంటుంది. బండి ఉండేది రబ్బరు టైర్ల మీద. భూమితో దానికున్న ఒకే ఒక చుట్టరికం ఆ ఆకుపచ్చ ఎర్త్ వైరు. అది తెగితే మొత్తం బండి గాలిలో వేలాడుతున్న ఒక పెద్ద రేకు డబ్బా.

ఆ వైరు ఎక్కడ తెగి ఉంటుంది? నాకు మొదటి అనుమానం మీ జంక్షన్ బాక్సు మీద. బజారులో దొరికే చౌక బాక్సులకి మూడు రంధ్రాలుంటాయి గానీ, వాటి వైరులో రెండే తీగలుంటాయి. రెండో అనుమానం ఆ ఇంటి సాకెట్. పాత ఇళ్లలో పై రంధ్రం వెనక ఏ వైరూ లేకపోవడం, ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉండటం మామూలే. ఉప్పు, బొగ్గు వేసి నింపిన ఆ గుంతలో వేసవిలో రెండు బిందెల నీళ్లు పోయాలని మన పెద్దలకు తెలుసు, ఇప్పుడు గుంత ఎక్కడుందో కూడా ఇంట్లోవాళ్లకి తెలియదు. మూడోది మీ బండి లోపల. ఎర్త్ లగ్గును, అంటే ఎర్త్ వైరు చివర ఉండే లోహపు బిళ్లను, పెయింట్ గీకకుండా రేకు మీద బోల్టు వేసి బిగిస్తే, చూడటానికి గట్టిగానే ఉంటుంది, కరెంటుకు మాత్రం దారి ఉండదు.

ఎర్త్ తెగడం సగమే. బాడీ మీదికి కరెంటు ఎక్కించిందేదో కూడా ఉంది. బ్యాటరీ ఛార్జర్ లాంటి ఎలక్ట్రానిక్ సామాన్లు తయారీలోనే ఎర్త్‌లోకి చాలా కొద్ది కరెంటు వదులుతాయి, ఎర్త్ ఉంటే అది మనకి తెలియను కూడా తెలియదు. లేదా గీజర్ కాయిల్ చిట్లి నీళ్లలోకి కరెంటు వదులుతూ ఉండవచ్చు, అదయితే చాలా ప్రమాదం. ఈ రెండింటిలో ఏదన్నది జివ్వుమనడాన్ని బట్టి చెప్పలేం, మీటరు పెట్టి చూడాలి.

ఒక మల్టీమీటర్ కొనండి. టెస్టర్ చాలదు, అది ఫేజు ఉందని చెబుతుంది గానీ ఎర్త్ గురించి ఏమీ చెప్పదు. బండిని దేనికీ తగిలించకుండా, బ్యాటరీ మీద నడిచే ఇన్వర్టర్ ఆపేసి, మీటరును ఓమ్స్‌లో పెట్టండి. ఒక ముల్లు బండి కేబుల్ చివరి టాప్‌లోని (సాకెట్‌లో గుచ్చే ప్లగ్గు) పెద్ద పిన్నుకి, ఇంకోటి ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద గీకిన ఇనుముకి ఆనించండి. ఒక ఓమ్ లోపు చూపించాలి. తర్వాత ఇంటి సాకెట్ చూడాలి. భయమైతే ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూ, ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల్లోపు రావాలి. ఫేజు, ఎర్త్ మధ్య వంద దగ్గరో, ఊగిసలాడుతూనో చూపిస్తే ఆ ఎర్త్ పేరుకే ఉన్నట్టు. గీజర్, ఏసీ, ఇండక్షన్‌ల ఇన్సులేషన్ చూడటానికి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉన్న మనిషిని పిలవాలి, ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపించిన వస్తువును పక్కన పెట్టించండి.

దీంతోపాటు బండిలోకి కరెంటు అడుగుపెట్టే చోటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే లీకేజీని పట్టి కరెంటు తెంచే స్విచ్, ఉండి తీరాలి. ఎంసీబీ ఉంది కదా అని మీ మెకానిక్ అనవచ్చు. ఎంసీబీ పని వైరును కాపాడటం. 16 ఆంపియర్లు దాటితే పడిపోతుంది, మనిషిని చంపడానికి అందులో వందోవంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా అని ప్రతి క్షణం సరిచూస్తుంది. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, రెప్పపాటులో తెంచేస్తుంది. అయితే అమ్మగారికి తగిలినలాంటి జివ్వుమనే షాక్ కొన్ని మిల్లీ ఆంపియర్లే, దానికి ఆర్‌సీసీబీ పడదు. కాబట్టి ఎర్త్ ఒకటుంటే ఆర్‌సీసీబీ ఎందుకు, ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ ఎందుకు అని ఎవరన్నా వినకండి, రెండూ కావాలి. దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. కరెంటు తగిలించిన ప్రతిసారీ అది నొక్కి, పడిపోతోందో లేదో చూడండి.

కొందరు బండి పక్కన ఇనుప కడ్డీ పాతి దానికి వైరు కట్టుకుంటారు. మంచిదే, కానీ దాని హద్దు తెలుసుకోవాలి. ఎండిన నేలలో పాతిన కడ్డీకి 50 ఓమ్‌ల అడ్డు ఉండటం వింతేమీ కాదు. 230ని 50తో భాగిస్తే నాలుగున్నర ఆంపియర్లు, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు, బాడీ మీద కరెంటు అలాగే నిలబడుతుంది. ఆర్‌సీసీబీ ఉన్న బండికయితే ఆ కడ్డీ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే దాన్ని పడగొట్టడానికి అంత చిన్న కరెంటే చాలు.

ఇక బండిలో కరెంటు ఎలా తిరుగుతుందన్నారు. మీ బండిలో రెండు వేర్వేరు సంసారాలున్నాయి. ఒకటి 12 వోల్టుల డీసీ. బ్యాటరీ నుంచి లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, ఫ్రిజ్ దానిమీద నడుస్తాయి. రెండోది ఇళ్లలో ఉండే 230 వోల్టుల కరెంటు. ఏసీ, గీజర్, ఇండక్షన్ దానివి. బయటి సాకెట్‌కి తగిలించినప్పుడు 230 నేరుగా వాటికి వెళ్తుంది, అందులో కొంత ఛార్జర్ తీసుకుని బ్యాటరీని నింపుతుంది. సాకెట్ లేనప్పుడు ఇన్వర్టర్ 12ని 230గా మారుస్తుంది. బయటి కరెంటూ, ఇన్వర్టర్ కరెంటూ ఎప్పుడూ ఒకే వైరులో కలవకూడదు, వాటి మధ్య ఛేంజోవర్, అంటే ఒకసారి ఒకదాన్నే కలిపే స్విచ్, ఉండాలి. మీ ఛార్జర్ ఏ వైపు నుంచి కరెంటు తీసుకుంటోందో కూడా అడగండి. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కే ఛార్జర్‌ను కలిపేసిన బండ్లు నా చేతికి వచ్చాయి. బ్యాటరీ తన నెత్తురు తనే ఎక్కించుకున్నట్టు, తెల్లారేసరికి ఖాళీ. ఇంకో సంగతి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇన్వర్టర్‌లోనే న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండాలి, లేకపోతే ఆర్‌సీసీబీ తన పని చేయలేదు. బయటి కరెంటు తగిలించగానే ఆ జోడింపు విడిపోవాలి. మంచి ఇన్వర్టర్-ఛార్జర్లలో ఇది లోపలి రిలే దానంతటదే చేస్తుంది, విడివిడిగా కొని అతికించిన సెట్లలో ఎవరూ పట్టించుకోరు.

12 వోల్టులు షాక్ కొట్టదు కాబట్టి దాని వైరింగ్‌ను తేలిగ్గా తీసుకుంటారు. అది మనిషిని కొట్టదు, బండిని కాలుస్తుంది. వోల్టేజీ తక్కువైతే అదే పనికి కరెంటు ఎక్కువ కావాలి. 1000 వాట్ల ఏసీకి ఇంట్లో నాలుగున్నర ఆంపియర్లు కూడా పట్టవు. అదే ఏసీని ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల మీద నడిపితే, నష్టాలతో కలిపి బ్యాటరీ నుంచి 95 ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకే బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య చిటికెనవేలంత లావు వైరు, 35 స్క్వేర్ ఎంఎంకి (వైరు లోపలి తీగ లావు కొలత) తగ్గకుండా, వీలైనంత పొట్టిగా ఉండాలి. ప్లస్ వైరు మీద ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరు రాసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేవాడు లేడు. చిన్న లోడ్లలో కూడా వైరు లెక్కే. ఆరు మీటర్ల దూరంలో ఉన్న మోటారుకి ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరులో 10 ఆంపియర్లు పంపితే రానూ పోనూ 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 230లో అదెంత, 12లో అదెంత? "బ్యాటరీ ఫుల్‌గానే ఉంది, ఫ్రిజ్ మాత్రం ఆగిపోతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

అమెరికా వీడియోల సంగతికి వద్దాం. అక్కడి ఇళ్లలో మామూలు కరెంటు 120 వోల్టులు. వాళ్ల 30 ఆంప్స్ ప్లగ్గంటే 120ని 30తో గుణిస్తే 3600 వాట్లు. మన ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల మీద 3680 వాట్లిస్తుంది. అంటే వాళ్లు అంత లావు ప్లగ్గుతో తీసుకునేది మనం ఏసీ ప్లగ్గుతోనే తీసుకుంటున్నాం. వాళ్ల 50 ఆంప్స్‌లో 120 వోల్టుల ఫేజులు రెండుంటాయి, మొత్తం 12,000 వాట్లు. రెండు ఏసీలు, డ్రయ్యరు ఉండే బస్సంత బండ్లకి అది. మీకు అక్కర్లేదు. వాళ్ల క్యాంపు స్థలాల్లో ప్రతి బండికీ ఒక కరెంటు స్తంభం ఉంటుంది. మన దగ్గర అలాంటి చోట్లు ఇంకా అరుదు, చుట్టాల ఇల్లో, లాడ్జీయో, పెట్రోలు బంకో దిక్కు. అక్కడివాళ్లు ఇచ్చేది 16 ఆంపియర్ల సాకెట్టే.

ఆ వీడియోలు చూసి వైరు కలపడం మాత్రం చేయొద్దు, చేయనివ్వొద్దు. అమెరికాలో నల్ల వైరు ఫేజు, తెల్లది న్యూట్రల్. మన ఇళ్ల వైరింగ్‌లో నల్లది న్యూట్రల్, ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. బండి 12 వోల్టుల వైరింగ్‌లో మళ్లీ నల్లది మైనస్. ఒకే రంగుకి మూడు అర్థాలు. శ్లేష కవిత్వంలో అందం, కరెంటులో ప్రాణం మీదికి తెస్తుంది. మీ బండిలో 230 వైర్లూ 12 వైర్లూ ఒకే పైపులో వేసి ఉంటే విడదీయించండి. ఎవరైనా అమెరికా నుంచి తెచ్చిస్తామన్న సర్జ్ ప్రొటెక్టరూ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడేది) వద్దు, అది 120 కోసం చేసింది.

3680 వాట్లలో ఏమేం నడుస్తాయో ఇంట్లో అందరికీ తెలియాలి. గీజర్ 2000, ఇండక్షన్ 2000 వాట్లు, రెండూ కలిసి దాటిపోయాయి. అమ్మగారు కాఫీ పెట్టేటప్పుడు మీరు గీజర్ ఆపాలి, అంతే. కేబుల్ విషయంలో మాత్రం డబ్బు చూడకండి. మూడు తీగల రెండున్నర స్క్వేర్ ఎంఎం రబ్బరు కేబుల్ 25 మీటర్లు తీసుకుని, చివర్లో మంచి 16 ఆంపియర్ల టాప్ వేయించండి. అదే పొడవున్న ఒక స్క్వేర్ ఎంఎం వైరులో 16 ఆంపియర్లు పారితే వైరులోనే 220 వాట్లకు పైగా వేడి పుడుతుంది. దాన్ని చుట్టగా చుట్టి ఉంచితే ఆ వేడి బయటికి పోలేక ప్లాస్టిక్ కరుగుతుంది. ఎంత దగ్గర్లో ఆపినా కేబుల్ మొత్తం విప్పి నేల మీద పరచండి.

రాత్రంతా బ్యాటరీ మీద ఏసీ నడవదు, మాస్టారూ. మన కరెంటు బిల్లు లెక్కలోనే చెబుతాను. 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్స్ లిథియం బ్యాటరీలో రెండున్నర యూనిట్లుంటాయి, చేతికొచ్చేది రెండు. మన వేసవి రాత్రుల్లో, రేకు బండిలో, టన్ను ఏసీ గంటకి సగటున 0.8 యూనిట్ తాగుతుంది. రెండున్నర గంటలు, అక్కడితో సరి. ఎనిమిది గంటలు నడవాలంటే ఆరు యూనిట్ల పైమాట. పైన 400 వాట్ల సోలార్ వేయించినా మంచి ఎండలో రోజుకి ఒకటిన్నర యూనిట్ లోపే. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఫోన్లకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఏసీ కావాలన్న రాత్రి సాకెట్ ఉన్న చోటే ఆపండి. చలికాలంలో తిరిగితే ఈ బాధే ఉండదు.

బ్యాటరీ ఏదో మీరు రాయలేదు. ఇంటి ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ అయితే అది మంచం కింద ఉండకూడదు. ఛార్జయ్యేటప్పుడు దానిలోంచి ఇట్టే మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది, బయటికి గొట్టం ఉన్న మూత పెట్టెలో ఉండాలి. పైగా దాన్ని సగం కంటే ఎక్కువ వాడితే తొందరగా చస్తుంది. లిథియం అయితే ఇంజను ఆల్టర్నేటర్‌కి (ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) నేరుగా కలపకుండా మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి, లేకపోతే ఆగకుండా లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో మూసి ఉంచిన బండిలో బ్యాటరీని రేకుకు ఆనించి పెట్టడం దాని ఆయుష్షు కోసేయడమే.

ఒక్క అనుభవం చెప్పాలి. కొన్నేళ్ల కిందట విజయవాడ, గుంటూరు దారిలో ఒక కళ్యాణ మంటపం దగ్గర నేను వైరింగ్ చేసిన బండే ఆగింది. పెళ్లి లైట్లకి త్రీఫేజు కరెంటు (మూడు ఫేజులకి కలిపి ఒకే న్యూట్రల్) లాగారు, అందులోంచే బండికి ఒక లైను ఇచ్చారు. అర్ధరాత్రి న్యూట్రల్ వదులైంది. న్యూట్రల్ ఊడితే ఒక్కో ఫేజుకి రావలసిన 230 నిలబడదు, లోడు తక్కువున్న ఫేజులో 400 వైపు ఎక్కిపోతుంది. బండిలో టీవీ, ఫ్రిజ్, ఛార్జర్ మూడూ పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు, నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. వోల్టేజీ రక్షణ పెట్టించకపోవడం నా తప్పు. అప్పటి నుంచి ప్రతి బండికీ 260 దాటినా, 180 కంటే పడిపోయినా తెంచేసే ప్రొటెక్టర్ లేకుండా ఇవ్వలేదు. మీరూ పెట్టించండి. పెళ్లి పందిళ్లు, జాతర లైన్ల నుంచి కరెంటు తీసుకోకండి, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

ఇవన్నీ సరిచేయించాక మనవళ్లతో బయల్దేరండి. ఊరు చేరాక బండిలోని మెయిన్ ఆఫ్ చేసి, ముందు ఆ ఇంటి సాకెట్‌ను మీటరుతో చూడండి. మూడు కొలతలూ సరిపోతేనే, ఆ సాకెట్ స్విచ్ ఆపి, ముందు కేబుల్‌ను బండికి, తర్వాత సాకెట్‌కి తగిలించండి. స్విచ్ వేయండి. కాళ్లకి పొడి చెప్పులుండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. బండి రేకును చేత్తో ముట్టి చూడకండి. మీటరు ఒక ముల్లు రేకుకి, ఇంకోటి తడి నేలలో గుచ్చిన మేకుకి పెట్టి చూడండి. రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే అక్కడే తీసేయండి. ఏమీ లేకపోతే మెయిన్ వేసి, ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూసి, మళ్లీ ఎత్తి, అప్పుడు ఏసీ వేసుకోండి. వచ్చేటప్పుడు ముందు ఇంటి సాకెట్ దగ్గర తీయాలి, తర్వాతే బండి వైపు. అలా చేస్తే మీ చేతిలో ఉన్న కేబుల్‌లో ఏ క్షణంలోనూ కరెంటు ఉండదు.

అప్పటిదాకా అమ్మగారికి నా మాటగా చెప్పండి, ఆ తలుపు విషయంలో ఆవిడ భయపడటమే సరైనది.